మూడో నంబరు క్యామ్‌షాఫ్టు

నా స్కూటరు మీద చెయ్యి వెయ్యకుండా నన్ను మూడుసార్లు వెనక్కి పంపిన మెకానిక్కు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. భీమవరంలో, పాలకొల్లు రోడ్డు పక్కన, బోర్డు లేని రేకుల షెడ్డులో ఉంటాడు. పేరు అప్పాజీ.

నేను లెక్కల మాస్టార్ని. పేరు సూర్యప్రకాశం. మాది అమలాపురం వైపు. అక్కడివాళ్ళకి తెలివి కాస్త ఎక్కువని మేమే చెప్పుకుంటాం, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. భీమవరం హైస్కూలుకి బదిలీ మీద వచ్చిన కొత్తలో నా స్కూటరు ఇంజను గలగలమనడం మొదలుపెట్టింది. పిస్టను పోయిందని నాకు నేనే తేల్చుకుని అప్పాజీ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఇంజనుకేం లేదండి మాస్టారూ. మీ డిక్కీలో పానాలు గలగలమంటున్నాయండి. గుడ్డ చుట్టి పెట్టుకోండి.”

రెండోసారి టైర్లలో గాలి లేదన్నాడు. మూడోసారి అసలేమీ లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. డబ్బులిస్తానంటే కూడా పని చెయ్యని మనిషిని ఏమనాలి? ఊళ్ళో మాత్రం అందుకే అతనికి పేరు. వరికోత యంత్రం దగ్గర్నుంచి రొయ్యల చెరువుల మీద జనరేటరు దాకా ఏది మొరాయించినా జనం ముందు అడిగేది, “అప్పాజీ ఏమన్నాడు?” అని. మార్చాలంటే మార్చాలి, అక్కర్లేదంటే అక్కర్లేదు. ఇంజనుకి ఏం కావాలో అది చెబుతాడు, అంతకంటే గుండుసూదంత ఎక్కువ చెప్పడు. అతని వ్యాపారానికి పెట్టుబడి ఆ మాటే.

అప్పాజీ తండ్రి నరసాపురం కాలవలో లాంచీ నడిపేవాడు. అప్పాజీ ఆ లాంచీ ఇంజను పక్కనే పెరిగాడు, చదువు అయిదో తరగతితో ఆపేశాడు. ఆ తర్వాత రైసుమిల్లు ఇంజన్లు, వాటి తర్వాత పంపుసెట్లు, అవీ అయ్యాక చెరువుల జనరేటర్లు. దాదాపు అన్నీ డీజిలువే, నిమిషానికి పదిహేను వందల చుట్లకి మించి తిరగనివే. జీవితమంతా డుగుడుగుమనే చప్పుడు మధ్యనే గడిచిపోయింది.

ఒక్కసారి మాత్రం వేరే చప్పుడు విన్నాడు. ఇరవయ్యేళ్ళ వయసులో మిల్లు ఇంజను సామాను కోసం మద్రాసు వెళితే, ఊరి బయట ఎక్కడో కార్ల రేసులు జరుగుతున్నాయట. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు దొరకలేదు. తాటాకు తడిక ఇవతల నిలబడి పొద్దుగూకేదాకా విని, రైలు తప్పిపోయి, మర్నాడు ఇంటికొచ్చాడు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు “చూశారా?” అని అడిగాను. “లేదండి. విన్నానండి” అన్నాడు. అప్పటికి పాతికేళ్ళు దాటిపోయినా నిన్న మొన్న జరిగినట్టే చెప్పాడు.

ఇక హనుమంతరాజు గారి కారు సంగతికొస్తాను. తొంభై ఎనిమిదో సంవత్సరం. రొయ్యలు కలిసొచ్చిన ఏడాది రాజుగారు కూనూరు టీ తోటల్లో ఒక పాత కారు కొనుక్కొచ్చారు. ఎప్పుడో ఇంగ్లండు నుంచి వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్సు కారు. పైకప్పు గుడ్డది, రంగు ముదురాకుపచ్చ. ఎక్కాలంటే ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లోపలికి లాక్కోవాలి. రాజుగారిది భారీ విగ్రహం. ఆయన ఎక్కడం చూడటానికే సాయంత్రాలు నలుగురు చేరేవారు.

ఇంజనులో జోరు లేదంటే అప్పాజీ విప్పి చూశాడు. క్యామ్‌షాఫ్టు అరిగిపోయింది. మద్రాసులో షాపు మూసేస్తున్న ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఈ బండికి సరిపోయే క్యామ్‌షాఫ్టులు మూడు దొరికాయి, వాటితో గట్టి స్ప్రింగులూ ఒక ఇంగ్లీషు కాగితమూ వచ్చాయి. ఒకటో నంబరు మామూలుది. రెండోది కాస్త హుషారు కోరేవాళ్ళకి. మూడోది రేసులకి. అందులో ఒకటి ఎంచాలి. కాగితం చదివి చెప్పడానికి నన్ను పిలిచారు. పిస్టను పోయిందని తేల్చిన నన్ను!

క్యామ్‌షాఫ్టంటే ఏంటో నాకూ అప్పటిదాకా తెలియదు. ఇంజనులోకి పెట్రోలూ గాలీ వచ్చే తలుపులు కొన్ని, పొగ పోయే తలుపులు కొన్ని ఉంటాయి. కాలవ మీద లాకుల తలుపుల్లాగే, ఏ తలుపు ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఎంతసేపు ఎత్తి ఉంచాలి అనేది క్యామ్‌షాఫ్టు మీద ఉన్న గుబ్బలు నిర్ణయిస్తాయి. ఇనుప కడ్డీ మీద కోడిగుడ్లు గుచ్చినట్టు ఉంటుంది. అంతే.

అంతే అన్నాను గానీ, మేమిద్దరం నాలుగు ఆదివారాలు దాని మీదే కూర్చున్నాం. బడిలో నల్లబల్ల మీద వాడే చెక్క కోణమానిని తీసుకెళ్ళి, అట్ట మీద గుండ్రంగా మూడువందల అరవై గీతలు గీశాను. దాన్ని క్యామ్‌షాఫ్టు చివర బిగించి, వంచిన తీగముక్క ముల్లుగా పెట్టాం. అప్పాజీ అయిదు డిగ్రీల చొప్పున తిప్పుతూ గుబ్బ ఎంత ఎత్తు లేచిందో గేజీ చూసి చెప్పేవాడు. నేను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టేవాణ్ణి. ఒకటో నంబరు నీలం, రెండోది ఆకుపచ్చ, మూడోది ఎరుపు. నీలం గీత కళ్ళంలో ధాన్యం రాశిలా ముద్దుగా ఉంది. ఎరుపు గీత గడ్డివామిలా నిటారుగా లేచి, అటూ ఇటూ కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“అయితే మూడోదే ఫస్టు!” అన్నాను. తలుపు అన్నిటికంటే ఎక్కువ ఎత్తుతుంది, ఎక్కువసేపు ఎత్తి ఉంచుతుంది. ఎక్కువ మార్కులు ఎవరికొస్తే వాడికే మొదటి ర్యాంకు. ఇరవయ్యేళ్ళుగా నేను చేస్తున్న పని అదే కదా.

అప్పాజీ నవ్వాడు. “రాజుగారి చెరువుకి నీళ్ళొచ్చే తూమొకటి, పోయే తూమొకటి ఉంటాయి కదండీ. రెండూ కాసేపు కలిపి తెరిచామనుకోండి. కాలవలో నీళ్ళు జోరుగా ఉంటే పాత నీళ్ళని గెంటేసి కొత్తవి నిండిపోతాయండి. కాలవ నీరసంగా ఉంటే బయటి మురుగు వెనక్కి చెరువులోకే వచ్చేస్తాదండి. ఈ మూడో నంబరు రెండు తలుపులూ చాలాసేపు కలిపి తెరుస్తాదండి. ఇంజను జోరు మీదుంటే దానికి తిరుగులేదండి. నెమ్మదిగా పోయేటప్పుడు మటుకు పొగంతా వెనక్కి మింగి, దగ్గి, ఆగిపోద్దండి.”

కాగితంలోనూ సరిగ్గా అదే ఉంది. ‘మూడు వేల అయిదు వందల చుట్ల లోపు ఇంజను సరిగా లాగదు. నెమ్మదిగా నడిపే బండికి పనికిరాదు.’ ఆ వాక్యం అతనికి తెలుగులో చెప్పి, కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశాను.

“మన రోడ్లకి ఒకటో నంబరండి” అన్నాడు అప్పాజీ. “సరదా ఉంటే రెండోది. మూడోది మన ఊళ్ళో తిరగదండి.” అంటూనే మూడోదాన్ని చేతిలోకి తీసుకుని గుడ్డతో తుడిచాడు. అప్పటికే రెండుసార్లు తుడిచి ఉన్నాడు. కిందపెట్టలేదు.

అంతలో రాజుగారు వచ్చారు. “ఏం తేల్చారండీ ఇద్దరూ?”

అప్పాజీ చేతిలో ఉన్నదాన్ని ఇంకోసారి తుడిచాడు. తర్వాత, “మూడోదండి” అన్నాడు.

“నెమ్మదిగా కూడా పోతుందా? వచ్చే నెల మా కీర్తిప్రియ పెళ్ళి. అల్లుడిగారిని ఇందులోనే ఊరేగించాలని నా కోరిక.”

“పోతుందండి.”

రాజుగారు నా వైపు తిరిగారు. “మాస్టారండీ, మీరేమంటారు?”

ఎర్రగీత ఉన్న కాగితం నా జేబులోనే ఉంది. అప్పాజీ నా వైపు చూడకుండా ఇనప్పెట్టె మీద లేని దుమ్ము దులుపుతున్నాడు. తడిక ఇవతల నిలబడి రైలు తప్పిపోయిన కుర్రాడు నా కళ్ళ ముందు మెదిలాడు. “అవునండి” అనేశాను.

రెండు రోజుల్లో అప్పాజీ మూడో నంబరు, గట్టి స్ప్రింగులు బిగించేశాడు. ఏ ఇంజను బాగుచేసినా చివర్న స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, నడుస్తున్న ఇంజను మీద పెట్టి చూడటం అతని అలవాటు. నీళ్ళు తొణక్కపోతే పని అయినట్టు. ఈసారి గ్లాసు తనంతట తానే నడుచుకుంటూ వెళ్ళి కిందపడింది. అప్పాజీ దాన్ని తీసి, తుడిచి, గూట్లో పెట్టేశాడు.

పోనీ ఒక్కసారి గేరు వెయ్యకుండా ఎక్సలేటరు తొక్కి వినెయ్యొచ్చుగా అన్నాను. “బరువు లాక్కుండా అరిస్తే అది ఉత్త గోలండి మాస్టారూ. లాగుతూ అరవాలండి” అన్నాడు. లాగించడానికి రోడ్డేదీ? రెండో పంట దాళ్వా కోతలైపోయాయి, ఉండి ఊరి దాకా తారురోడ్డు మీద సగం ధాన్యం ఆరబోసి ఉంది. మిగతా సగంలో గేదెలు.

పెళ్ళి రోజు వచ్చింది. పెళ్ళికొడుకు శ్రీనివాసరాజుది మొగల్తూరు. సాయంత్రం అయిదింటికి విడిదింటి దగ్గర్నుంచి ఊరేగింపు బయల్దేరింది. కల్యాణమండపం కిలోమీటరున్నర దూరం. ముందు బ్యాండుమేళం, దాని వెనక కారు. కారుకి మల్లెపూల తెరలు, స్టీరింగు దగ్గర రాజుగారి డ్రైవరు చంద్రరావు, పక్క సీట్లో తలపాగాతో పెళ్ళికొడుకు. బ్యాండువాళ్ళు నాలుగడుగులు వేసి ఆగి ఒక పాట వాయిస్తారు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ పాట. మూడు వేల అయిదు వందల చుట్లు తిరిగితే గానీ లాగని ఇంజను వీళ్ళ వెనక పోవాలి!

మొదటి పాటకే కారు దగ్గింది. రెండో పాటకి కప్పలా గెంతింది, పెళ్ళికొడుకు తలపాగా కళ్ళ మీదికి జారింది. మూడో పాటకి సైలెన్సరు ఢామ్మని పేలింది. సీమటపాకాయలనుకుని జనం ఈలలు వేశారు. కూరగాయల మార్కెట్టు దగ్గర ఇంజను ఆగిపోయింది, ఇక కదల్లేదు. మొగల్తూరు నుంచి పట్టుపంచెల్లో వచ్చిన పెద్దమనుషులు వెనక చేరి తోయడం మొదలుపెట్టారు. “ఏవండోయ్, ఊరేగింపంటే ఇలా మమ్మల్ని ఊరేగిస్తారనుకోలేదండీ!” అని ఒకాయన అరిచాడు. ఆ తోసేవాళ్ళ మధ్యలో తలొంచుకుని అప్పాజీ కూడా ఉన్నాడు. అలా తోసుకుంటూ మండపం చేరేసరికి, మేడ మీద నుంచి పెళ్ళికూతురు కీర్తిప్రియ కడుపు పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అంతా అదే మాట. తమాషా ఏమిటంటే, అప్పాజీని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

“అప్పాజీ చెయ్యి పడిన ఇంజను ఆగడం ఏంటండీ? పెట్రోల్లోనే ఏదో ఉంది” అని ఒకరంటే, “కిరసనాయిలు కలిపుంటారు” అని ఇంకొకరు. రాజుగారు పంక్తి మధ్యలో నిలబడి గొంతు పెంచారు. “బంకు లోవరాజు చేసిన పనే ఇది. నా అల్లుడి ముందు నా పరువు తీశాడు. ఇక మీదట నా చెరువుల ఇంజన్లకి వాడి దగ్గర చుక్క డీజిలు కొనను. ఎవర్నీ కొననివ్వను కూడా.”

ఆ లోవరాజు రెండో వరసలోనే కూర్చుని ఉన్నాడు. తనూ పెళ్ళికి పిలిచిన మనిషే. ముద్ద చేతిలోనే ఉండిపోయింది, మొహం కందిపోయింది.

అప్పాజీ నా పక్కనే కూర్చున్నాడు. నోరు మూసుకుని పెరుగన్నం దాకా వెళ్ళిపోతే అతని పేరు చెక్కు చెదరదు. నాకు తెలుసు, అతనికీ తెలుసు. అలాంటిది విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తో లేచాడు. శుభకార్యంలో భోజనం మధ్య అలా లేస్తే అందరూ తలెత్తి చూస్తారు, చూశారు.

“లోవరాజు గారి పెట్రోల్లో ఏం లేదండి” అన్నాడు. “తప్పు నాదండి. ఆ మూడో నంబరు ఊరేగింపుకి పనికిరాదని నాకు ముందే తెలుసండి. పోతుందని మీకు అబద్ధం చెప్పానండి.”

వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు. రాజుగారు అతని వంక వింతగా చూశారు. “ఎందుకు అప్పాజీ?”

“వినాలనిపించిందండి.”

చేతికంటిన పప్పు ఎండిపోతోంది. ఆ క్షణాన నేనూ లేచి నిలబడాలి, కాగితం సంగతి చెప్పాలి. నేను మాత్రం విస్తట్లో వంకాయ కూర వైపు దీక్షగా చూస్తూ కూర్చున్నాను.

రాజుగారు ముందు లోవరాజు దగ్గరికి వెళ్ళారు. “నోరు జారానండి. మనసులో పెట్టుకోకండి” అని, గారెల పళ్ళెం అందుకుని తనే వడ్డించారు. తర్వాత వెనక్కి తిరిగి, “మరి విన్నావా?” అని అడిగారు.

“లేదండి. తోసేవాళ్ళ తిట్లు విన్నానండి.”

పంక్తంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మొగల్తూరు వాళ్ళే. రాజుగారు నవ్వాపుకుని, “కూర్చో, భోంచెయ్యి. ఎల్లుండి జంగారెడ్డిగూడెం రోడ్డుకి తీసుకెళ్తాను. అక్కడ వినేసి, వచ్చి ఒకటో నంబరు వేసెయ్” అన్నారు.

నవ్వులు నవ్వులే గానీ, “అప్పాజీ కూడా అంతేనన్నమాట” అన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరు చెరువుల ఆసాములు వేరే మెకానిక్కుని పెట్టుకున్నారు. అప్పాజీకి అది బాగా తగిలింది.

చెప్పిన రోజు తెల్లారగానే బయల్దేరాం. కార్లో రాజుగారూ అప్పాజీ, వెనక జీపులో చంద్రరావూ నేనూ. ప్రతి ఊళ్ళోనూ కారు దగ్గింది, రైలు గేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. మెట్ట ప్రాంతంలోకి వెళ్ళాక, అటూ ఇటూ పామాయిల్ తోటల మధ్య రోడ్డు సూటిగా, ఖాళీగా కనబడింది. గేదె లేదు, ధాన్యం లేదు. ఒక కల్వర్టు దగ్గర రాజుగారు కారు ఆపి దిగారు.

నేనింక ఉండబట్టలేక జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. “నాకూ ముందే తెలుసండి.”

ఆయన ఎర్రగీత చూశారు. “తెలుసండి మాస్టారూ. వంకాయ కూరని అంత శ్రద్ధగా చూసే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు” అని కాగితం మడిచి వెనక్కిచ్చేశారు.

ఆయన మళ్ళీ కారెక్కారు. ఇద్దరూ రోడ్డు చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిప్పారు. మేం కల్వర్టు మీద నిలబడ్డాం. ముందు అదే దగ్గు, అదే గెంతు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. గొంతులో అడ్డుపడ్డదేదో పోయినట్టు ఒక్క తీరున, సన్నగా, పైపైకి లేస్తూ వచ్చింది. ఇంకా కారు కనబడలేదు, చప్పుడు మాత్రం తోటలన్నిటా నిండిపోయింది. చంద్రరావు “ఓర్నాయనో” అన్నాడు. కారు మమ్మల్ని దాటుతుంటే ఒక్క క్షణం అప్పాజీ కనిపించాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. భుజం మీద తువ్వాలు ఎగిరి రోడ్డు మీద పడింది, అది కూడా తెలిసినట్టు లేదు.

కారు ఆగాక తువ్వాలు తెచ్చి ఇచ్చాను. దాంతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కూతురికి ర్యాంకు వచ్చినట్టు చెప్పాడు. “ఆరువేల రెండొందల చుట్లండి మాస్టారూ.” తువ్వాలు భుజాన వేసుకుని, “తడిక బయట నుంచి వింటే ఇందులో సగమేనండి” అన్నాడు.

మర్నాడే మూడో నంబరు తీసేసి ఒకటో నంబరు బిగించాడు. ఇంజను మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు కదల్లేదు. శ్రావణంలో కీర్తిప్రియ ఆ కారులోనే భర్తని పక్కన కూర్చోబెట్టుకుని మొగల్తూరు దాకా తనే నడుపుకుంటూ వెళ్ళింది. ఎవరూ తోయలేదు. మూడో నంబరుకి నూనె రాసి, షెడ్డు గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు అప్పాజీ. వెళ్ళిపోయిన ఆసాములిద్దరూ పంటకాలం అయ్యేలోపే తిరిగొచ్చారు.

అప్పట్నుంచి అతనికి ఒక కొత్త అలవాటైంది. అది తెలియని కొత్తవాళ్ళు తెల్లబోయేవారు. రెండువేల మూడులో నాకు రాజమండ్రి బదిలీ అయింది. వెళ్ళేముందు స్కూటరు చూపిద్దామని తీసుకెళ్ళాను. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విన్నాడు.

“బండికి ప్లగ్గొక్కటి మారిస్తే చాలండి” అన్నాడు. లేచి చేతులు తుడుచుకుని, కొంచెం సిగ్గుపడుతూ, “ఇంజను విప్పి, లోపలంతా శుభ్రం చేసి, మళ్ళీ బిగించి వినాలనుందండి. అది బండికి అక్కర్లేదండి. నాకండి” అన్నాడు.

“విప్పండి అప్పాజీ గారూ” అన్నాను.

ఆ ఆదివారం ఇంటి సామాన్లు సర్దుకోవాల్సినవాణ్ణి, పొద్దుగూకేదాకా ఆ షెడ్డులోనే కూర్చున్నాను. చివర్న అతను స్కూటరు స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు పిడి నా చెవికి పెట్టాడు.